డెసిల్ గ్లూకోసైడ్ ఫేస్‌వాష్ వాడితే ముఖం ఎందుకు బిగుసుకుపోతోంది?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: డెసిల్ గ్లూకోసైడ్ (మురికిని కడిగి నురుగిచ్చే పదార్థం, అంటే సర్ఫాక్టెంట్) 40 శాతం, మిగతాది పన్నీరు, ఆర్‌ఓ నీళ్లు, పైన నాలుగు చుక్కలు నిమ్మగడ్డి నూనె. ఫేస్‌వాష్ నీళ్లలా జారిపోతోంది, ఉప్పు వేసినా చిక్కబడలేదు, కడుక్కున్నాక ముఖం బిగుసుకుపోతోంది. అందులోనే కొంత తీసి కుంకుడు రసం కలిపితే మూడో రోజుకే పుల్లటి వాసన. మొక్కల నుంచి తీసిందే కదా, మృదువుగా ఉండాలి కదా, తేడా ఎక్కడొచ్చింది, దీన్ని వైజాగ్‌లో నలుగురికీ అమ్మొచ్చా అని అడిగారు.

ముందుగా ఆ "మొక్కల నుంచి" అన్న మాటను పక్కన పెట్టండి. చర్మాన్ని పీల్చి పిప్పి చేస్తుందని అందరూ తిట్టే సోడియం లారిల్ సల్ఫేట్ కూడా ఎక్కువగా కొబ్బరి నూనె నుంచో, తాటిజాతి పామ్ గింజల నూనె నుంచో తీసిన కొవ్వు ఆల్కహాల్‌తోనే తయారవుతుంది. మీ డెసిల్ గ్లూకోసైడ్‌కీ అదే తల్లి: ఆ కొవ్వు ఆల్కహాల్‌కి మొక్కజొన్న పిండి నుంచి తీసిన గ్లూకోజ్‌ని జతచేస్తారు. ఇంట్లో కొబ్బరి నూనెతో కాచిన సబ్బు నూటికి నూరు పాళ్లూ మొక్కలదే, అయినా దాని పీహెచ్ (పులుపునీ క్షారాన్నీ కొలిచే అంకె, 7 కి పైన క్షారం, కింద ఆమ్లం) 9 నుంచి 10 మధ్య ఉంటుంది. చర్మం పైపొర పీహెచ్ 5 దరిదాపుల్లో. కాబట్టి పుట్టుక చూసి మృదుత్వం చెప్పలేం. అణువు ఎలాంటిది, ఎంత వేశారు, దేనితో కలిపారు, చివరి పీహెచ్ ఎంత అన్న నాలుగూ చూడాలి. మీ ఫేస్‌వాష్‌లో మొదటిది బాగుంది. మిగిలిన మూడూ తప్పాయి.

ఎంత వేశారో చూద్దాం. డెసిల్ గ్లూకోసైడ్ డబ్బాలో ఉన్నదంతా గ్లూకోసైడ్ కాదు. సుమారు 50 నుంచి 55 శాతం అసలు పదార్థం, మిగతాది నీళ్లు. మీరు 40 శాతం వేశారంటే మీ సీసాలో అసలు పదార్థం 20 శాతం పైనే. ముఖానికి 8 నుంచి 12 శాతం చాలు, ఒంటికీ తలకీ 12 నుంచి 18, పసిపిల్లలకైతే 10 కూడా దాటనక్కర్లేదు. 20 శాతం గ్లూకోసైడ్ అంటే ఎంత మృదువైనదైనా చర్మంలోని సొంత కొవ్వుని ఊడ్చేస్తుంది.

అసలు దెబ్బ కొట్టింది పీహెచ్. గ్లూకోసైడ్లని తయారీ దగ్గరే 11.5 నుంచి 12.5 పీహెచ్ దగ్గర ఉంచి పంపుతారు. అంత క్షారంలో సూక్ష్మజీవులు బతకవు కాబట్టి డబ్బా నిల్వ ఉంటుంది. మీరు దాన్ని తగ్గించినట్టు ఎక్కడా రాయలేదు. నీళ్లూ పన్నీరూ కలిపినంత మాత్రాన అది దిగదు, మీ ఫేస్‌వాష్ ఇప్పటికీ 11 దరిదాపుల్లో ఉంటుంది. అంటే సబ్బు కంటే ఘాటు. ముఖం బిగుసుకుపోవడంలో వింతేమీ లేదు. ఆ సీసాని ఇంకెవరికీ ఇవ్వకండి, ముఖ్యంగా కళ్లలో పడనివ్వకండి. ఇప్పటికే వాడిన చోట మంటగానీ ఎర్రదనంగానీ ఉంటే ఆపేసి చల్లటి నీళ్లతో కడిగి, తగ్గకపోతే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఇక దేనితో కలపాలి అన్నది. నీళ్లలో ఈ అణువులు కొన్ని విడివిడిగా, కొన్ని గుంపుగా ఉంటాయి. చర్మంలోకి చొరబడి ప్రొటీన్లని కదిలించేవి ముఖ్యంగా విడిగా తిరిగేవి. రెండు రకాల సర్ఫాక్టెంట్లు కలిస్తే అవి తొందరగా గుంపు కడతాయి, విడిగా తిరిగేవి తగ్గుతాయి. అందుకే ఒకే పదార్థం 10 శాతం వేసినదాని కంటే రెండు చెరో 5 శాతం వేసినది సాధారణంగా మెత్తగా ఉంటుంది. గ్లూకోసైడ్‌కి సహజమైన జోడీ కోకమిడోప్రొపైల్ బీటైన్. ఇది 30 శాతం ద్రవంగా దొరుకుతుంది, నురుగు నిలబెడుతుంది, గ్లూకోసైడ్ ఒక్కటే వాడితే వచ్చే ఆ కీచుమనే పొడిదనం తగ్గిస్తుంది. కొబ్బరి పేరు ఉన్నా దీంట్లో ఒక భాగం పెట్రోలియం నుంచి వచ్చిందే, నూరు శాతం మొక్కలది కావాలనే పట్టుదల ఉంటే కోకో గ్లూకోసైడ్‌తోనో గ్లుటమేట్‌తోనో (అమైనో ఆమ్లంతో చేసిన సర్ఫాక్టెంట్) సరిపెట్టుకోవాలి. నా మాటంటారా, ఆ పట్టుదల కోసం చర్మాన్ని ఇబ్బంది పెట్టనక్కర్లేదు, బీటైనే వేయండి.

500 గ్రాములకి కొలతలు ఇలా:

డిస్టిల్డ్ వాటర్ 340 గ్రాములు (కొంచెం తక్కువగా మొదలుపెట్టి చివర్లో 500 చేయడానికి)
గ్లిజరిన్ 15 గ్రాములు
శాంతన్ గమ్, పారదర్శకంగా వచ్చే రకం, 5 గ్రాములు
డెసిల్ గ్లూకోసైడ్ లేదా కోకో గ్లూకోసైడ్ 50 గ్రాములు
కోకమిడోప్రొపైల్ బీటైన్ 75 గ్రాములు
సోడియం బెంజోయేట్ 2 గ్రాములు
పొటాషియం సోర్బేట్ 1 గ్రాము
సోడియం గ్లూకోనేట్ 1 గ్రాము
నిమ్మ ఉప్పు ద్రావణం తగినంత (20 గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, 80 గ్రాముల డిస్టిల్డ్ వాటర్)

లెక్క చూసుకోండి: గ్లూకోసైడ్ నుంచి 25 గ్రాములు, బీటైన్ నుంచి 22.5, మొత్తం 47.5. అంటే 9.5 శాతం. ముఖానికి ఇది నిండుగా సరిపోతుంది. మీరు వేసిన దాంట్లో సగం కూడా లేదు కదా అని నురుగు గురించి భయపడకండి, బీటైన్ ఉంది. గ్లూకోనేట్ నీళ్లలోని లోహాల అయాన్లని పట్టేసి నిల్వ పదార్థానికి (చెడిపోకుండా కాపాడేది, ఇక్కడ బెంజోయేట్, సోర్బేట్) సాయపడుతుంది. అన్నీ తూకంలోనే తీయండి, చెంచాలూ మూతలూ వద్దు. నిల్వ పదార్థాలకి 0.01 గ్రాము చూపే చిన్న తూకం కావాలి.

గిన్నెలు, గరిటె, సీసాలు ముందుగా 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. డిస్టిల్డ్ వాటర్‌లో మొదట బెంజోయేట్, సోర్బేట్, గ్లూకోనేట్ కరిగించండి. ఈ వరస ముఖ్యం. నిమ్మ ఉప్పు ముందు వేసి ఆ పులుపులో బెంజోయేట్ చల్లితే అది తెల్లటి పలుకులుగా విడిపోతుంది, అలా విడిపోయింది మళ్లీ కరగడం కష్టం. వేరే గిన్నెలో శాంతన్ గమ్‌ని గ్లిజరిన్‌లో ముద్ద లేకుండా కలిపి, నీళ్లు తిప్పుతూ సన్నగా పోయండి. గమ్‌ని నేరుగా నీళ్లలో చల్లితే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి, చేప కళ్లలా తేలుతూ ఎంత కలిపినా పోవు. అరగంట వదిలేస్తే గమ్ పూర్తిగా ఉబ్బుతుంది.

ఆ తర్వాత బీటైన్, గ్లూకోసైడ్ ఒకదాని తర్వాత ఒకటి, గరిటెతో అంచుల వెంబడి నెమ్మదిగా. మిక్సీ గానీ హ్యాండ్ బ్లెండర్ గానీ పెట్టారంటే గిన్నె నిండా నురుగే, రాత్రంతా ఉంచినా దిగదు. గమ్ ఉన్న ద్రవంలో చిక్కిన గాలి మరీ మొండిది.

గ్లూకోసైడ్ డబ్బాలో కొంచెం పాలలా మసకగా కనిపిస్తే చెడిపోయిందనుకోకండి. తయారీలో మిగిలిన మెగ్నీషియం ఆక్సైడ్ అది, పీహెచ్ దిగాక తేటపడుతుంది. లారిల్ గ్లూకోసైడ్ అయితే డిసెంబర్, జనవరి చల్లదనానికి గట్టి పేస్టులా బిగుస్తుంది. డబ్బాని 45 డిగ్రీల వేడి నీళ్లలో పెట్టి కరిగించి, అంతా ఒకటయ్యేలా కలిపాకే తూకం వేయండి. పైన తేలిన భాగం మాత్రమే తీస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు పీహెచ్. కాగితం పట్టీని నేరుగా చిక్కటి ద్రవంలో ముంచితే రంగు సరిగా రాదు. 1 గ్రాము ఫేస్‌వాష్, 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ కలిపి అందులో చూడండి. కుళాయి నీళ్లు వాడితే ఆ నీళ్ల క్షారమే కొలుస్తారు. నిమ్మ ఉప్పు ద్రావణం ముందు 3 గ్రాములు వేసి, బాగా కలిపి, చూసి, ఆ తర్వాత అర గ్రాము చొప్పున దింపండి. మొదట్లో కదలనట్టే ఉంటుంది, 7 దాటాక జర్రున దిగుతుంది. 5.0 దగ్గర ఆపండి. నిమ్మరసం పిండకండి. అందులో చక్కెరా గుజ్జూ ఉంటాయి, పులుపు కాయకాయకీ మారుతుంది, ఫేస్‌వాష్‌కి కావాల్సింది అవి కాదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు పచ్చళ్లకి సరిపోతుంది గానీ దీనికి శుద్ధత రాసున్న సిట్రిక్ యాసిడే తీసుకోండి.

5.0 అని ఎందుకు అంత పట్టుబడుతున్నానంటే, బెంజోయేట్ పనిచేసేది ఆమ్ల రూపంలోనే. పీహెచ్ 5 దగ్గర దాంట్లో దాదాపు 14 శాతం ఆ రూపంలో ఉంటుంది. 5.5 కి వెళితే 5 శాతం, 6 కి వెళితే 2 శాతం కూడా ఉండదు. సోర్బేట్ కాస్త మెరుగు, 5 దగ్గర మూడో వంతు పైన పనిలో ఉంటుంది. కాబట్టి సీసా మీద అవే నిల్వ పదార్థాలు, అంతే మోతాదు రాసున్నా, పీహెచ్ 6 దగ్గర ఉన్న ఫేస్‌వాష్ నిజానికి కాపలా లేని ఇల్లే. పీహెచ్ పైన ఉంచక తప్పకపోతే ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్ జోడీ తీసుకోండి, మొత్తం 1 శాతం మించకుండా.

ఉప్పు ఎందుకు పనిచేయలేదని అడిగారు. ఉప్పుతో చిక్కబడేది ఎస్‌ఎల్‌ఈఎస్ (సోడియం లారెత్ సల్ఫేట్, మామూలు షాంపూల్లో ఉండేది) లాంటి రుణావేశం ఉన్న సర్ఫాక్టెంట్లు, ముఖ్యంగా బీటైన్ తోడుగా ఉన్నప్పుడు. డెసిల్ గ్లూకోసైడ్‌కి ఆవేశమే లేదు, ఉప్పుని అది పట్టించుకోదు. పైన రాసిన మిశ్రమంలోనూ ఉప్పు వేయకండి, బీటైన్‌లో ఇప్పటికే తయారీ నుంచి వచ్చిన ఉప్పు 5 శాతం దాకా ఉంటుంది. ఇంకా చిక్కగా కావాలంటే డెసిల్ తగ్గించి లారిల్ గ్లూకోసైడ్ సగం వేయండి, దాని పొడవాటి గొలుసులు సహజంగానే చిక్కదనం ఇస్తాయి. షాంపూకి దువ్వెన సాఫీగా పోవాలని కాటయానిక్ గ్వార్ (ధనావేశం ఉన్న గోరుచిక్కుడు గమ్) వేయాలనుకుంటే అప్పుడు శాంతన్ వద్దు: ఒకటి ధనం, ఒకటి రుణం, రెండూ కలిసి తీగల్లా విరిగిపోతాయి. అక్కడ హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్‌తో చిక్కబరచండి.

ఈ సూత్రంలో పన్నీరు, నిమ్మగడ్డి నూనె ఉండవని గమనించే ఉంటారు. బజారు పన్నీరులో ఏముందో దాని సీసాకే తెలియదు, సూక్ష్మజీవులని డబ్బిచ్చి కొని తెచ్చుకున్నట్టు. నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ ఎక్కువ, అది అలర్జీలకి పేరుమోసింది, ముఖానికి వాసన లేకపోవడమే మేలు. మరీ కావాలంటే ఒంటికి రాసే రకంలో 0.2 శాతం వరకు, అదీ ముందుగా గ్లూకోసైడ్‌లో కలిపి ఆ తర్వాత నీళ్లలోకి. నేరుగా నీళ్లలో వేస్తే మర్నాటికి పైన నూనె కళ్లు కనిపిస్తాయి.

కుంకుడు సంగతికొద్దాం, మన ప్రాంతంలో ఈ మాటే ఎక్కువ మంది అడుగుతారు. పాడేరు, అరకు వైపు కొండల్లో గిరిజనులు ఏరిన కుంకుళ్లూ శీకాయా 1956 నుంచి వైజాగ్ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొంటుంది, వాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి. పూర్ణా మార్కెట్‌లోనూ దొరుకుతాయి. కొనేటప్పుడు తొక్క ముడతలు పడి, తేనె రంగులో మెరుస్తూ, నలిపితే కాస్త జిగురుగా అంటుకోవాలి. తెల్లటి బూజు పొడి ఉన్నా, ముక్కిన వాసన వచ్చినా వదిలేయండి. వర్షాకాలంలో మన గాలి తేమకి గోనెసంచిలో ఉన్న కుంకుళ్లు తొందరగా బూజు పడతాయి, అందుకే ఏడాది సరుకు వేసవి మొదట్లోనే కొని గాలి చొరని డబ్బాలో పెట్టుకోవడం నయం.

నురుగంతా తొక్కలోని సపోనిన్లది, నల్లటి గింజ అక్కర్లేదు. గింజ తీసేస్తే కాయ బరువులో సగానికి కాస్త పైన తొక్క మిగులుతుంది. 100 గ్రాముల తొక్కకి లీటరు నీళ్లు, స్టీలు గిన్నెలో 60 నుంచి 70 డిగ్రీల దగ్గర అరగంట. మరిగించి కుతకుతలాడించకండి, పొంగిపోవడమే గాక జిగురు ఎక్కువ దిగి వడకట్టడం కష్టమవుతుంది. ఇనుప మూకుడు వద్దు, అందులో రసం నల్లబడుతుంది. ముందు పలుచటి గుడ్డలో, తర్వాత దగ్గర నేతలో వడకట్టండి.

ఈ రసం పుల్లబడటానికి కారణం తొక్కలోని చక్కెరలు. ఈస్టులకి అది విందు. మీరు చూసిన పుల్లటి వాసన, మూత తీస్తే బుస్సుమనడం పులియడం మొదలైందనడానికి గుర్తు. మీ సీసాలో ఇంకో గమ్మత్తు జరిగింది: పుల్లటి కుంకుడు రసం పోయడంతో పీహెచ్ దిగి, అప్పటిదాకా క్షారం ఇచ్చిన కాపలా పోయింది, దాని స్థానంలో నిల్వ పదార్థమేమీ లేదు. ఇంట్లో వాడుకోవడానికైతే వారానికి సరిపడా తీసి ఫ్రిజ్‌లో 5, 6 రోజులకి మించకుండా ఉంచండి. అమ్మే సీసాలో ఇంటి రసం పోయడం నేను వద్దంటాను. ఒక్కో కాపుకి ఒక్కో సపోనిన్ మోతాదు, ఒక్కో మలినం, బెంజోయేట్ ఎంత వేసినా నమ్మకం ఉండదు. సపోనిన్ శాతం రాసిన ఎండు సారం పొడిగా దొరుకుతుంది, దాన్ని 0.5 నుంచి 1 శాతం వేసుకుంటే లేబుల్ మీద కుంకుడు పేరూ ఉంటుంది, సీసా కూడా నిలుస్తుంది.

ఇంకో మాట. కుంకుడు మృదువైనదే అన్న నమ్మకం తలకైతే సరే, కంటికి కాదు. సపోనిన్లు కణాల పొరలని ఛేదించే రకం, ఎర్ర రక్తకణాలనీ పగలగొడతాయి. చిన్నప్పుడు తలంటుకుంటే కళ్లు ఎందుకు అంతగా మండేవో దానికిదే సమాధానం. చేపలకి విషం కూడా, ఆ రసాన్ని చేపల తొట్టిలో పారబోయకండి. ముఖానికి వేసే సూత్రంలో కుంకుడుని ప్రధాన పదార్థంగా పెట్టొద్దనేది అందుకే. శీకాయ కాస్త సాత్వికం, నురుగు తక్కువ, కానీ పొడిలో ముతక పలుకులుంటే నెత్తి గీరుకుంటుంది, 100 మెష్ జల్లెడ పట్టాలి. పొడి చేసేటప్పుడు ముక్కుకి మాస్క్ తప్పనిసరి.

రసాయనం వద్దనే వాళ్లకి నీళ్లు లేని సరుకే అన్నిటికంటే తెలివైన దారి. సున్నిపిండిలో నీళ్లు లేవు కాబట్టి నిల్వ పదార్థమూ అక్కర్లేదు. పెసరపిండి, శనగపిండి, కొద్దిగా శీకాయ పొడి. తేమ మాత్రం మీ పగవాడు, పిండిని పూర్తిగా ఆరబెట్టి, చిన్న ప్యాకెట్లలో కట్టండి, పెద్ద డబ్బాలో తడి చెయ్యి పెట్టిన రోజే దాని ఆయుష్షు అయిపోతుంది. మొటిమలున్న ముఖం మీద రుద్దమని మాత్రం ఎవరికీ చెప్పకండి.

మృదువైనవని పేరున్న మరో రెండు సర్ఫాక్టెంట్ల సంగతీ చెబుతాను. సోడియం కోకోయిల్ ఐసిథయోనేట్, అందరూ ఎస్‌సీఐ అంటారు. చాలా మృదువైనదే, సిండెట్ బార్లలో (సబ్బు లేకుండా సర్ఫాక్టెంట్లతో చేసిన బిళ్లలు) దశాబ్దాలుగా ఉంది. కానీ నీళ్లలో సరిగా కరగదు. వేడి చేసి బీటైన్‌తో కరిగించి ఫేస్‌వాష్ చేస్తే ఆ రోజు ముత్యంలా బాగుంటుంది, రెండు రోజులకి చల్లబడి రవ్వలా తెల్లటి పలుకులు కడుతుంది. ద్రవంలో 3 నుంచి 5 శాతం దాటకండి, లేదా దాని కంటే బాగా కరిగే దగ్గరి బంధువైన సోడియం లారోయిల్ మిథైల్ ఐసిథయోనేట్ తీసుకోండి. ఎస్‌సీఐ పొడి ఎగిరి గొంతులోకి పోతే గంట సేపు దగ్గే, నూడుల్స్ రూపంలోది కొనండి. ఇది కూడా పీహెచ్ మరీ అటూ ఇటూ అయితే నెమ్మదిగా విడిపోతుంది, 5.5 నుంచి 7 మధ్య ఉంచండి.

సోడియం కోకోయిల్ గ్లుటమేట్ అమైనో ఆమ్లంతో చేసింది, ఆ గ్లుటమిక్ ఆమ్లం కూడా చక్కెరలని పులియబెట్టి తీసేదే. మెత్తదనంలో నేను దీన్నే మొదట పెడతాను, నురుగు క్రీములా చిన్నగా వస్తుంది. చిక్కు ఒకటే: 5 దరిదాపుల్లోకి దిగితే మసకబారి విడిపోతుంది, అందుకని 5.5 నుంచి 6 దగ్గర ఉంచాలి, అక్కడేమో బెంజోయేట్ పనిచేయదు. గ్లుటమేట్ వేశారంటే నిల్వ పదార్థం మార్చుకోవాల్సిందే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

సరుకు కొనేటప్పుడు బ్యాచ్ నంబరు, అసలు పదార్థం శాతం, పీహెచ్ రాసిన విశ్లేషణ పత్రం అడగండి. తెల్ల ప్లాస్టిక్ సీసాలో చేతిరాత పేరుతో వచ్చేదాన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. నీళ్లతో సగానికి సగం పలచన చేసి పీహెచ్ పట్టీ పెట్టండి, గ్లూకోసైడ్ అయితే ముదురు నీలం. 7 చూపిస్తే ముందే పీహెచ్ దించారా అని అడగాలి. తర్వాత అదే పలచటి ద్రవంలో చిటికెడు చొప్పున ఉప్పు వేసి కలుపుతూ చూడండి. గ్లూకోసైడ్ ఉలకదు పలకదు. ఎస్‌ఎల్‌ఈఎస్ కలిపి ఉంటే 2, 3 శాతం ఉప్పుకే జెల్లీలా బిగుస్తుంది.

బజారులో పోటీ సీసాల లేబుల్ చూస్తుంటే రెండు ఎత్తులు గుర్తుపెట్టుకోండి. పదార్థాలని ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు, 1 శాతం లోపువి మాత్రం ఎలాగైనా రాయొచ్చు. ఫినాక్సీఇథనాల్ 1 శాతం దాటదు. కాబట్టి దాని తర్వాత వచ్చిన కుంకుడు, శీకాయ, మందారం సారాలన్నీ ఇంచుమించు చిటికెడే. ఇక "సల్ఫేట్ లేదు" అన్న సీసాలో సోడియం సి14-16 ఓలెఫిన్ సల్ఫోనేట్ కనిపిస్తే, అది సల్ఫేట్ కాదన్నది నిజమే, కానీ మొక్కలదీ కాదు, అన్ని చర్మాలకీ మెత్తగా ఉండేదీ కాదు.

అలర్జీ సంగతి దాచకూడదు. అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒక అలర్జీ కారకాన్ని ప్రకటిస్తుంది. 2004 లో కోకమిడోప్రొపైల్ బీటైన్, 2017 లో ఆల్కైల్ గ్లూకోసైడ్లు. అంటే ఈ సూత్రంలోని రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. బీటైన్‌లో దోషం ఎక్కువగా తయారీలో మిగిలిపోయే మలినాలది, అందుకే శుద్ధమైన సరుకుకి నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. గ్లూకోసైడ్ అలర్జీ ఉన్నవాళ్లకి ఒక చిక్కుంది: టినోసార్బ్ ఎం అనే సన్‌స్క్రీన్ ఫిల్టర్‌ని నిలబెట్టడానికి డెసిల్ గ్లూకోసైడ్ వేస్తారు. ఫేస్‌వాష్ మానేసినా దురద తగ్గలేదంటే సన్‌స్క్రీన్ సీసా తిప్పి చూడాలి. కొత్త సీసా ఎవరికిచ్చినా మోచేతి మడత లోపల వారం రోజులు రోజూ రెండుసార్లు రాసి కడిగి చూసుకోమనండి, ఒక్కసారి రాసి ఏమీ కాలేదంటే సరిపోదు.

బీచ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటే సబ్బు తరకలు కట్టి చర్మం మీద పొరలా మిగులుతుంది. గ్లూకోసైడ్, బీటైన్‌కి ఆ బాధ లేదు. వైజాగ్‌లో మీ సరుకుకి ఇది నిజమైన అమ్మకపు మాట, "మొక్కలది" అనే దానికంటే. కానీ తయారీకి ఆ నీళ్లూ, ఆర్‌ఓ నీళ్లూ వద్దు. ఆర్‌ఓ యంత్రం తొట్టిలో సూక్ష్మజీవులు హాయిగా ఉంటాయి.

అమ్మే ముందు ఒకే గిన్నెలోంచి మూడు సీసాలు నింపండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి గదిలో చీకట్లో, ఒకటి 40 నుంచి 45 డిగ్రీల దగ్గర. నాలుగు వారాల పాటు వారానికోసారి రంగు, వాసన, చిక్కదనం, పీహెచ్ రాసుకోండి. పీహెచ్ తనంతట తాను అర పాయింటు కదిలినా, చిక్కదనం సగానికి పడిపోయినా లోపల ఏదో తింటోందని అనుమానించాలి. ఫ్రిజ్ సీసాలో పలుకులొస్తే బెంజోయేట్ ఎక్కువైందో, పీహెచ్ మరీ దిగిందో చూడండి. కంటికి కనిపించేవి ఇవీ. కనిపించని సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాకి ల్యాబ్‌లో సూక్ష్మజీవుల పరీక్ష, నిల్వ పదార్థాన్ని సవాలు చేసే పరీక్ష (కావాలని సూక్ష్మజీవులని కలిపి అవి చస్తాయో లేదో చూసేది) చేయించాలి.

ఇక అమ్మకం. ఇంట్లో చేసి పొరుగింటి వాళ్లకి అమ్మినా అది తయారీయే. కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి కాస్-8 లైసెన్సు కావాలి, దానికి తగిన గది, పరికరాలు, అర్హత ఉన్న మనిషి ఉండాలి. అంత పెట్టుబడి ఇప్పుడే వద్దనుకుంటే, ఇప్పటికే లైసెన్సు ఉన్న యూనిట్‌లో మీ సూత్రంతో చేయించుకునే లోన్ లైసెన్సు దారి ఉంది, అది కాస్-9. అలా చేయించినా సీసా మీద పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, తయారీ లైసెన్సు నంబరు అన్నీ ఉండాలి. యూనిట్ వాళ్లు మీ సూత్రం తీసుకున్నాక డెసిల్ గ్లూకోసైడ్ దొరకలేదని ఇంకొకటి పోసే అవకాశం ఉంది, కాబట్టి మొదటి బ్యాచ్ నమూనాకి పైన చెప్పిన ఉప్పు పరీక్ష మీరే చేసుకోండి.